వార్డు డబ్బు వార్డులోనే తిరగాలంటే: విశాఖలో చెత్తనీ, కరెంటునీ, ఉపాధినీ ఒకే పద్దులోకి తేవడం ఎలా

పర్యావరణం అనగానే మన ఊళ్ళో ముందు గుర్తొచ్చేది ఆదివారం పొద్దున్నే బీచ్‌లో గ్లవ్స్ తొడుక్కుని ప్లాస్టిక్ ఏరడం, ఆ తర్వాత ఫొటో. దాన్ని తప్పుపట్టక్కర్లేదు. కానీ సోమవారం సాయంత్రం అదే బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి పెట్టే మనిషికి ఆ ఆదివారం వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు. అలాంటి మనిషికి ఏమీ మిగల్చని పద్ధతి ఏదైనా సరే, బ్యానర్ విప్పేసిన మర్నాడే ఆగిపోతుంది.

అందుకే ఈ పనిని రెండో కొసనుంచి మొదలుపెట్టమంటాను. మీ వార్డులోంచి రోజూ డబ్బు ఏ దారిన బయటికి పోతోందో చూడండి. ప్లేట్లకీ, కరెంటుకీ, చెత్త మోయించడానికీ, ఐసుకీ పోయే ఆ డబ్బులో కొంతైనా వార్డులోనే ఇంకొకరి కూలీగా మారే వీలుందేమో వెతకండి. వీలు దొరికిన చోట చెత్త దానంతటదే తగ్గుతుంది.

విశాఖను నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌గా ఎంచుకుంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అంత పెద్ద నిర్ణయాల్లో నీళ్ళెన్ని, కరెంటెంత అని అడగాల్సిందే. అది వేరే పోరాటం. ఈ వ్యాసం అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీకి, వర్తక సంఘం పెద్దకి, డ్వాక్రా లీడరుకి. మీ చేతిలో ఉన్నది ఒక వార్డు, ఒక బజారు, కొన్ని కుటుంబాల పరిచయం. మొదలుపెట్టడానికి అది సరిపోతుంది.

1. ముందు హద్దు గీసుకోండి

జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) 2021లో ఎన్నికలు జరిగింది 98 వార్డులకి. ఊరంతా బాగుచేస్తామని బయల్దేరకండి. ఒక రైతుబజారు, దాని చుట్టూ నాలుగు వీధులు, ఆ వీధుల్లో టిఫిన్ బళ్ళు, హోటళ్ళు, ఒక ఫంక్షన్ హాలు, రెండు మూడు పెద్ద అపార్ట్‌మెంట్లు. ఇంతే తీసుకోండి. నడిచి అరగంటలో చుట్టి రాగలిగేంత ఉండాలి. వార్డు దాటిందంటే శానిటేషన్ ఇన్‌స్పెక్టరు మారతాడు, సచివాలయం మారుతుంది, మీరు రెండు చోట్ల అదే కథ చెప్పుకోవాలి.

హద్దులో గెడ్డ (వాననీళ్ళ వాగు) ఉందేమో చూడండి. విశాఖ కొండల మీద పడ్డ వాన గెడ్డల్లోంచే సముద్రానికి పోతుంది. మీ వీధి చివర గెడ్డలో తేలేది మీ బజారు పద్దులో రాయని ఖర్చు. పూడిక తీయించడానికి పోయేదీ మీరు కట్టిన పన్నే.

2. ఒక నెల పద్దు రాయండి

ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా దీన్ని దాటేసి మెషీన్ కొన్నవాళ్ళ మెషీన్లు ఎక్కడున్నాయో మీకూ తెలుసు, ఏదో ఒక కమ్యూనిటీ హాల్లో గోనెపట్టా కప్పుకుని ఉంటాయి.

నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: ఏం కొంటున్నారు, ఎంతకి, ఎక్కణ్ణించి వస్తోంది, వాడాక ఎక్కడికి పోతోంది. టిఫిన్ బండి దగ్గర మొదలుపెట్టండి. ప్లేట్లు, కవర్లు, టీ కప్పులు, గ్యాస్ సిలిండరు, నూనె. తర్వాత హోటలు. తర్వాత కూరగాయల అంగళ్ళు, రాత్రి ఎనిమిదిన్నరకి కింద మిగిలే ఆకులూ కుళ్ళిన టమాటాలూ ఎన్ని గంపలో చూసి రాయండి. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల బిల్లు. వేసవిలో ట్యాంకర్లకి ఎంత పెడుతున్నారో కూడా.

మచ్చుకి ఒక లెక్క. నలభై బళ్ళున్నాయి, బండికి రోజుకి వంద ప్లేట్లు, ప్లేటు రూపాయి అనుకుందాం. రోజుకి 4,000 రూపాయలు, నెలకి 1,20,000. ఇప్పుడు ఆ సొమ్ములో చాలా భాగం మీ వార్డు పొలిమేర దాటిపోతుంది, ప్లేట్లేమో మీ గెడ్డలో మిగిలిపోతాయి. మీ వీధి అంకెలు వేరేగా ఉంటాయి, కానీ ఈ గుణకారం వేసి చూపించగానే వర్తక సంఘం మీటింగులో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తల ఎత్తుతారు.

అడిగే పద్ధతి ముఖ్యం. "సర్వే చేస్తున్నామండీ" అంటే పన్నుకోసమని భయపడతారు. టీ తాగుతూ అడగండి. మీ డ్వాక్రా సంఘంలో ఆ వీధి ఆడవాళ్ళే ఉంటే అసలు అడగక్కర్లేదు, వాళ్ళే చెబుతారు.

3. ఇప్పటికే ఆ చెత్త మీద, ఆ వీధి మీద బతుకుతున్నది ఎవరు?

ఏ పని ఎంచుకోవాలో తేల్చే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. పొడి చెత్తలో అట్టపెట్టెలు, సీసాలు, ఇనుము ఉంటాయి. ఆ ధర తెలిసినవాళ్ళు మీకంటే ముందే ఉన్నారు: తెల్లవారుజామున గోనెసంచితో వచ్చేవాళ్ళు, మూలనున్న తుక్కు కొట్టు. "పొడి చెత్త మేమే అమ్ముకుంటాం" అని అపార్ట్‌మెంట్ సంఘం గేటు మూసేస్తే మీరు కొత్త ఉపాధి సృష్టించినట్టు కాదు, పేదవాడి చేతిలోది లాక్కున్నట్టు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెత్త ఏరుకునేవాళ్ళని వ్యవస్థలో కలుపుకోమనే చెప్పాయి. వాళ్ళకి గుర్తింపు కార్డు, గ్లవ్స్, లోపలికి రావడానికి ఒక నిర్ణీత టైము ఇవ్వండి. తడి కలవని చెత్త దొరికితే వాళ్ళకి కిలోకి వచ్చే ధర పెరుగుతుంది, మీకు ఖర్చు లేదు.

బళ్ళవాళ్ళ విషయం కూడా ఇదే. వీధిని అందంగా చేద్దామనుకోగానే ముందు బళ్ళు తీయించాలన్న ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట ఉంటుంది, ఆ కమిటీలో 40 శాతం మంది విక్రయదారులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు. మీ ప్లాన్‌లో బండి పెట్టుకునేవాళ్ళ సంతకాలు లేకపోతే దాన్ని అభివృద్ధి అని పిలవకండి.

4. ప్లేటుతో మొదలుపెట్టడం ఎందుకు మంచిది

2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. అదే ఏడాది డిసెంబరు చివరినుంచి క్యారీ బ్యాగు 120 మైక్రాన్లకి తగ్గకూడదు. కాబట్టి చట్టం మీవైపే ఉంది. సరుకు కూడా మనకి దగ్గరే. ఏజెన్సీలో, అంటే గిరిజన కొండప్రాంతంలో, అడ్డాకు దొరుకుతుంది. పాడేరు వైపు సంతల్లో కట్టలు కట్టి అమ్ముతారు. మన అమ్మమ్మల కాలంలో పెళ్ళి విస్తరి అంటే అదే. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం కూడా మన విశాఖలోనే ఉంది. అటవీ సరుకు ఎవరి దగ్గర, ఏ సీజన్లో, ఎంతకి దొరుకుతుందో అక్కడ అడగండి.

అడ్డాకు ఒక పాకే తీగ. ఆకు కోస్తే మళ్ళీ వేస్తుంది, తీగ నరికితే అంతే. అందుకని మధ్య దళారి దగ్గర లారీలెక్కన కొనకుండా, కోసే కుటుంబాలతో నేరుగా మాట్లాడుకుని రూపాయి ఎక్కువైనా ఇవ్వండి. వార్డు బాగుపడటానికి అడవి బోడి కావడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఇక తయారీ. డ్వాక్రా సంఘంలో అయిదారుగురు కలిస్తే హీటరు డై (వేడి అచ్చు) ఉన్న ప్రెస్సింగ్ మెషీన్ ఒకటి నడపొచ్చు. రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచి, మధ్యలో అట్ట ముక్క పెట్టి నొక్కుతారు. ఆకు మరీ ఎండితే అంచు దగ్గర పెటపెటా విరుగుతుంది. మరీ తడిగా ఉంటే మన ఉప్పుగాలికి, వానాకాలం తేమకి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. ముందురోజు రాత్రి తడిగుడ్డలో చుట్టి పెట్టి, పొద్దున నీడలో కాసేపు ఆరబెట్టి నొక్కితే సరిగ్గా కూర్చుంటుంది. నిల్వ గదిలో ప్లేట్లు నేలమీద కాకుండా చెక్కబల్లల మీద ఉండాలి.

అమ్మే ముందు పరీక్ష: వేడి సాంబారు పోసి పది నిమిషాలు చేత్తో పట్టుకు నిలబడండి. ఇది తమాషాకి చెప్పడం లేదు. టిఫిన్ బండి ఆవిడ అడిగేది ఇదే:

"అక్కా, దొప్ప బాగానే ఉంది. అల్లప్పచ్చడి వేసిన రెండు నిమిషాలకి ఆయన చొక్కా మీద కారిందనుకో, తిట్లు తినేది నేనా, నువ్వా?"

దీనికి జవాబు పర్యావరణం గురించి ఉపన్యాసం కాదు. "ఈ వారం వంద దొప్పలు ఊరికే తీసుకో, కారినవి లెక్కపెట్టి చెప్పు, వాటికి డబ్బులు వద్దు" అనాలి. కారడం ఎక్కువగా ఉంటే డై లోతు మార్చండి, లేదా పొడి టిఫిన్లకి మాత్రమే ఇవ్వండి. కారకుండా ఉండాలని లోపల వెండిరంగు పూత ఉన్న కాగితం పెట్టడం మాత్రం వద్దు, అది ప్లాస్టిక్ పొరే. ఎవరు ఎంత చెప్పినా వద్దు.

మురీ మిక్చర్, బఠాణీల బళ్ళకి ఆకు పొట్లం ఇంకా తేలిక. అచ్చు సిరా వల్ల న్యూస్ పేపర్లో తిండి పెట్టొద్దని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటినుంచో చెబుతోంది, కాబట్టి మాట్లాడటానికి మీకో కారణం ఉంది.

ధర విషయం దాచొద్దు. ఆకు ప్లేటు సన్న కాగితం ప్లేటుకంటే కొంచెం ఎక్కువే పడుతుంది. ఆ తేడా ఎవరు భరించాలో ముందే మాట్లాడండి. వీధిలో బళ్ళన్నీ ఒకే రోజు మారితే ప్లేటు ఇడ్లీకి రూపాయి పెంచొచ్చు, ఒక్కరే మారితే పెంచలేరు. మొత్తం ప్రయోగం నిలవడం, పడిపోవడం ఈ ఒక్క ఒప్పందం మీదే ఉంటుంది.

ఫంక్షన్ హాలు ఉంటే దానికి వేరే మందు: స్టీలు కంచాల బ్యాంకు. సంఘం కంచాలు, గ్లాసులు కొని అద్దెకి ఇస్తుంది, డిపాజిట్ పట్టుకుంటుంది, కడగడానికి మనుషుల్ని తనే పంపుతుంది. కడిగే కూలీ అద్దెలో కలపండి. అది కలపకపోతే రాత్రి పన్నెండింటికి కంచాలు కడిగేది చివరికి మీ సంఘంలో నోరులేని ఇద్దరు అవుతారు.

5. తడి చెత్త: ఎరువు అమ్మి బతకలేరు

కంపోస్టు గురించి రాసేవాళ్ళందరూ ఎరువు అమ్మితే లాభం అంటారు. లెక్క వేసి చూడండి. వంద కిలోల కూరగాయల చెత్త కుళ్ళి ఎరువయ్యేసరికి నీరంతా పోయి సుమారు ఇరవై కిలోలు మిగులుతుంది. ఆ ఇరవై కిలోల మీద ఇద్దరు మనుషుల కూలీ రాదు. వచ్చేది చెత్త తీసుకెళ్ళినందుకు ఇచ్చే ఫీజులో. మీరు ఎరువు వ్యాపారం చేయడం లేదు, చెత్త తొలగించే సేవ చేస్తున్నారు, ఎరువు అమ్మితే వచ్చేది అదనపు చిల్లర మాత్రమే. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే చాలా సంఘాలు మూతపడేవి కావు.

ఫీజు ఇళ్ళనుంచి వసూలు చేయాలని చూడకండి. చెత్త పన్ను మీద జనానికి ఎంత కోపం ఉందో తెలిసిందే, చివరికి ప్రభుత్వం దాన్ని 2024లో రద్దు చేసింది. హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గరికి వెళ్ళండి. రోజుకి వంద కిలోలకి మించి చెత్త వచ్చే సంస్థ తన తడి చెత్త సంగతి వీలైనంత తన ఆవరణలోనే చూసుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. ఆ బాధ్యతని నెలకి ఇంత అని కాగితం మీద రాసుకుని మీరు తీసుకోవాలి. వీలైతే వాళ్ళ ఆవరణలోనే గుంటలో, డబ్బాలో చేసిపెట్టండి, మోసే ఖర్చు తప్పుతుంది. ఆ చెత్త మీరు తీసుకోకపోతే చేరేది కాపులుప్పాడ చెత్త యార్డుకే. అక్కడ 2022నుంచి చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది కానీ, నీళ్ళోడే కూరగాయల చెత్త ఏ బాయిలర్‌కీ మంచి ఇంధనం కాదు.

చేసే పద్ధతి పెద్ద విద్య కాదు. ఒక గంప తడికి ఒక గంప పొడి: ఎండుటాకులు, రంపంపొట్టు, కొబ్బరిపీచు పొట్టు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలినప్పుడు గోనెసంచుల్లో నింపి పెట్టుకోండి, ఆగస్టులో పొడి ఆకు కావాలంటే ఎక్కడా దొరకదు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. వారానికోసారి తిరగేయాలి. లోపల చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సరిగ్గా జరుగుతోందని అర్థం. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదు, పొడి కలిపి తిరగేయండి. ఘాటుగా ముక్కు మండితే అమ్మోనియా, దానికీ మందు ఎండుటాకే. నెలన్నర, రెండు నెలలకి మట్టివాసన వస్తుంది. బొండాల డిప్పలు మాత్రం అలాగే వేయకండి, ముక్కలు చేసే మెషీన్ లేకుండా అవి ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. పైన రేకు కప్పు తప్పనిసరి, మన తుపాను వాన ఒక్కటి చాలు రెండు నెలల పని బురద చేయడానికి.

ఎరువుని మిద్దెతోటల వాళ్ళకి, నర్సరీలకి విడిగా అమ్మండి. బస్తా మీద పేరు ముద్రించి ఎరువుల కొట్లకి అమ్మాలంటే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద పరీక్షలు, అనుమతులు కావాలి. మొదటి ఏడాది ఆ జోలికి పోవద్దు.

వాడిన నూనె కూడా ఇందులోదే. బజ్జీల బండి నూనెని మూడో రోజు నల్లగా అయ్యేదాకా కాచి, ఆఖరికి కాలవలో పోస్తారు. నూనెలో పోలార్ పదార్థాలు (మళ్ళీ మళ్ళీ కాస్తే పుట్టేవి) 25 శాతం దాటితే వంటకి పనికిరాదని నిబంధన. ఆ నూనె బయోడీజిల్ తయారీకి కొనేవాళ్ళున్నారు, కానీ ఒక్క బండి దగ్గర రెండు లీటర్ల కోసం ఎవరూ రారు. వీధి మొత్తానికి ఒక డ్రమ్ము పెట్టి, లీటరుకి ఇంత అని బండివాళ్ళకి అక్కడికక్కడే ఇస్తే పోగవుతుంది.

6. మీది తీరం వార్డు అయితే

జాలరిపేటలు, ఫిషింగ్ హార్బరు చుట్టూ ఉన్న వార్డుల్లో పద్దు వేరే ఉంటుంది. అక్కడ డబ్బు కారిపోయేది ఐసులోనూ, తక్కువ ధరకి తెగనమ్ముకునే చేపలోనూ. ఇసుకలో ఆరబెట్టిన ఎండు చేపకీ, నేలకి నడుమెత్తున వల బల్ల మీద ఆరిన చేపకీ ధర ఒకటి కాదు. ఇసుక, ఈగ, కుక్క లేని చేప సూపర్ మార్కెట్ ప్యాకెట్‌లోకి వెళుతుంది. పాండురంగాపురంలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ పరిశోధన కేంద్రం ఉంది. సోలార్ డ్రైయర్లు, ఉప్పు పాళ్ళు, ప్యాకింగ్ గురించి వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అరడజను మంది ఆడవాళ్ళని తీసుకుని నేరుగా వెళ్ళి ట్రైనింగ్ అడగండి. మగవాళ్ళని కాదు, ఎందుకంటే ఎండబెట్టేదీ అమ్మేదీ ఆడవాళ్ళే.

చేప కోశాక మిగిలే పొట్టలు, తలలు కంపోస్టులో వేస్తే కాకులూ కుక్కలూ చేరతాయి. దాన్ని మీనామృతం చేయండి: చేప వ్యర్థం ఎంత బరువో బెల్లం అంత, మూత ఉన్న డ్రమ్ములో కలిపి నీడలో మూడు వారాలు పైగా ఊరనిచ్చి వడగడితే తేనెరంగు ద్రవం వస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు నీళ్ళలో కలిపి పైరుకి కొడతారు. బెల్లానికి అనకాపల్లి ఉండనే ఉంది. నల్లగా ఉండే తక్కువ రకం బెల్లం చవకగా వస్తుంది కానీ బిల్లు దగ్గర పెట్టుకోండి, నల్లబెల్లం పేరు వింటే నాటుసారా గుర్తొచ్చే అధికారులు ఉంటారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి వచ్చే ఏడాది వేటకి అదే పెట్టుబడి. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025నుంచి 20,000 రూపాయలు. రెండు నెలల కుటుంబానికి అది చాలదు. మీ ప్రణాళికలో ఆ రెండు నెలలకి కూలీ ఎక్కణ్ణించి వస్తుందో రాసి ఉండాలి: చిరిగిన వలలు పోగుచేసి తుక్కుకి అమ్మడం, డ్రైయర్లు కట్టడం, పక్క వార్డులో షెడ్డు పని, ఏదైనా సరే.

7. కరెంటు

ఇది తేలిక, కాబట్టి త్వరగా ముగిస్తాను. మేడ మీద సోలార్ పలకలకి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద అపార్ట్‌మెంట్ సంఘాల ఉమ్మడి అవసరాలకి కిలోవాటుకి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. సొంత ఇంటికి మూడు కిలోవాట్లు, ఆపైన అయితే 78,000. దరఖాస్తు పోర్టల్లో చేసుకుంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళు చూసి నెట్ మీటరు (మీరు తిరిగి ఇచ్చిన కరెంటుని బిల్లులో తగ్గించే మీటరు) పెడతారు. ఒక కిలోవాటుకి దాదాపు వంద చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి, రోజుకి నాలుగు యూనిట్ల వరకు వస్తుంది. నీళ్ళ మీద పలకలు తేలించి ముడసర్లోవ రిజర్వాయరులో రెండు మెగావాట్లు తీసే పని జీవీఎంసీ 2018లోనే చేసింది, మేడ మీద చేయడానికి భయమెందుకు?

భయపడాల్సింది గాలికి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఏం చేసిందో చూసిన ఊరు ఇది. భారత ప్రమాణాల్లో విశాఖకి మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఫ్రేము ఆ వేగానికి డిజైన్ చేశారా అని కాంట్రాక్టరుని రాతపూర్వకంగా అడగండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజ్ (కరిగిన జింకులో ముంచి పూత) చేసింది ఉండాలి, లేకపోతే బీచ్ గాలికి రెండేళ్ళలో తుప్పు. బిగించడం, నెలకోసారి పలకలు కడగడం, వైరింగ్ చూడటం లాంటి పనులకి కంచరపాలెం ఐటీఐలో చదివిన మీ వార్డు కుర్రాళ్ళని పెట్టమని కాంట్రాక్టులోనే రాయించండి. డబ్బు వార్డులో నిలిచేది ఆ ఒక్క వాక్యం వల్లే.

8. డబ్బు ఎవరిని, ఏ వరసలో అడగాలి

ముందు సొంత జేబు, తర్వాత అప్పు, ఆఖర్న సాయం. తలకిందులుగా వెళ్ళకండి.

బండివాళ్ళకి పీఎం స్వనిధి అప్పు: విడతలవారీగా 15,000, 25,000, 50,000, సకాలంలో కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. అమ్మకపు గుర్తింపు పత్రం, లేదా జీవీఎంసీ సిఫార్సు లేఖ కావాలి. ఆకు ప్లేట్ల మెషీన్‌కి పీఎంఈజీపీ (కొత్త చిన్న పరిశ్రమలకి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) చూడండి. పట్టణంలో మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి ప్రాజెక్టులో 25 శాతం సబ్సిడీ, సొంతంగా పెట్టాల్సింది అయిదు శాతం. చిన్న పరిశ్రమగా నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. డ్వాక్రా సంఘానికి బ్యాంకు లింకేజీ అప్పు కావాలంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌ని పట్టుకోండి. ఆవిడకి మీ సంఘం పుస్తకాలు తెలుసు, బ్యాంకు మేనేజరూ తెలుసు.

ఊళ్ళో ఇన్ని పెద్ద ఫ్యాక్టరీలున్నాయి కదా, సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన సొమ్ము) అడుగుదామంటారు. అడగండి, కానీ కంపెనీలు ఆ డబ్బుని మీ వాట్సాప్ గ్రూపుకి ఇవ్వలేవు. కంపెనీ తనే చేయకుండా బయటివాళ్ళతో చేయిస్తే, 2021నుంచి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే చేయించాలి. ఏడుగురు కలిసి 2001 రాష్ట్ర సొసైటీల చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు, కానీ సీఎస్‌ఆర్-1కి పన్ను మినహాయింపు పత్రాల్లాంటివి కూడా కావాలి. మొదట్లో ఇప్పటికే అర్హత ఉన్న మంచి సంస్థతో కలవడమే నయం. వాళ్ళని అడగాల్సింది షెడ్డు, డ్రైయరు లాంటి ఒక్కసారి ఖర్చు. నెలజీతాలు సీఎస్‌ఆర్ మీద పెట్టుకుంటే మూడో ఏడాది అందరూ ఇంటికే.

9. కాగితం, సోమవారం

జాగా కావాలన్నా, గెడ్డ పక్కన షెడ్డుకి అనుమతి కావాలన్నా కార్పొరేటరుకి నోటిమాట చాలదు. ఒకే పేజీలో అర్జీ రాయండి: పద్దులోంచి మూడు అంకెలు, కావాల్సిన జాగా సర్వే వివరం, ఎంతమందికి పని. వార్డు సచివాలయం శానిటేషన్ కార్యదర్శికి ముందు చూపించండి, ఆయన్ని దాటి వెళితే ఫైలు మళ్ళీ ఆయన దగ్గరికే వస్తుంది. తర్వాత సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. అధికారి బదిలీ అయినా నంబరు ఉంటుంది.

పని మొదలయ్యాక మూడు లెక్కలు మాత్రం రాయండి: నెలకి ఎన్ని కిలోలు చెత్తకుండీ దాకా వెళ్ళలేదు, వార్డులో కూలీగా ఎంత చెల్లించారు, ఎంతమందికి ఎన్ని రోజుల పని. బజారు మధ్యలో బోర్డు మీద చాక్‌పీసుతో రాయండి. మూడు నెలలు వరసగా రెండో అంకె పెరగకపోతే ఆ పని ఆపి వేరేది చూడండి. మొదటి అంకె ఎంత బావున్నా సరే.

10. ఎప్పుడు మొదలుపెట్టాలి

పద్దు పని ఆగస్టులో చేయండి, వానల్లో ఎలాగూ వేరే పని సాగదు. ఆకు ప్లేట్లకి కార్తీక మాసం సరైన అదను. ముడసర్లోవ, కంబాలకొండ వైపు వనభోజనాలకి వెళ్ళే ప్రతి అపార్ట్‌మెంటూ విస్తర్లు కొంటుంది. ఒక నెలలో మీ దొప్ప కారుతుందో లేదో ఊరంతటికీ తెలిసిపోతుంది. కంపోస్టు షెడ్డు తుపాన్ల సీజను దాటాక డిసెంబరులో వేయండి. సోలార్ పలకల టెండరు జనవరిలో పిలిస్తే ఎండాకాలం బిల్లుకి ముందే బిగుస్తాయి. ఎండు చేపల డ్రైయర్లకి సామాను మార్చిలో కొనిపెట్టుకోండి, ఏప్రిల్ 15న వేట ఆగగానే ఇంటి దగ్గరున్నవాళ్ళకి కూలీ ఇచ్చి కట్టించండి. జూన్‌లో బోట్లు తిరిగి వెళ్ళేసరికి వానలు మొదలవుతాయి కాబట్టి, డ్రైయర్లకి పైకప్పు వేయడం మర్చిపోవద్దు.